ఏఎఫ్‌క్యాట్ ఫ్లయింగ్ బ్రాంచ్: దుండిగల్ వెళ్లేలోపు ఏం చదువుకోవాలె?

హన్మకొండ_ఎంపీసీ (ప్రశ్న)

అన్నలకు, అక్కలకు నమస్తే. ఏఎఫ్‌క్యాట్ (వాయుసేన ఆఫీసర్ల ఎంపిక పరీక్ష) ద్వారా ఫ్లయింగ్ బ్రాంచ్, అంటే పైలట్ల విభాగం మెరిట్ లిస్టుల పేరొచ్చింది. మెడికల్ కూడా అయిపోయింది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి పొమ్మని జాయినింగ్ లెటర్ వచ్చేదాకా నాలుగైదు నెలలు దొరుకుతయనుకుంటున్న. నాది బీఎస్సీ. ఇంటర్ల ఎంసెట్ కోసం చదివిన ఫిజిక్స్ ఫార్ములాలు గుర్తున్నయి గని, అట్ల ఎందుకైతది అని అడిగితే తడబడుత. పరుగు, పుషప్స్ సంగతి నడుస్తున్నది. నా డౌట్లు చదువు గురించే.

కమర్షియల్ పైలట్ లైసెన్స్ పుస్తకాలు ఇప్పుడే కొనాల్నా? ఇంటర్ మ్యాథ్స్, ఫిజిక్స్‌ల ఏ చాప్టర్లు మళ్ల చూడాలె? కంప్యూటర్ల ఫ్లయిట్ సిమ్యులేటర్ పెట్టుకుంటే లాభమా, నష్టమా? ఇంకోటి, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ చదువుత, రాస్త, మాట్లాడేకాడ ఆగుత. రేడియోల ఇబ్బందైతదా?

నేవ్_లాగ్

అభినందనలమ్మా. ముందు ఒక భయం తీసేస్తాను. అకాడమీలో గ్రౌండ్ సబ్జెక్టులు మొదటి అక్షరం నుంచే చెప్తారు. ఏరోడైనమిక్స్, ఇంజిన్లు, ఇన్‌స్ట్రుమెంట్స్, నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్‌మన్‌షిప్, రేడియో టెలిఫోనీ, ఏవియేషన్ మెడిసిన్, ఏదీ ముందే నేర్చుకుని రమ్మని అడగరు. అక్కడ కష్టపెట్టేది సిలబస్ కాదు, దాని వేగం. పొద్దున పీటీ, డ్రిల్లు అయ్యాక అలసిన ఒంటితో క్లాసులో కూర్చుంటారు. సైన్ ఎక్కడ పెట్టాలి, కొసైన్ ఎక్కడ పెట్టాలి అని అప్పుడు ఆలోచిస్తూ కూర్చుంటే పాఠం దాటిపోతుంది. అందుకే ఈ నాలుగు నెలలు కొత్త సబ్జెక్టుల కోసం కాకుండా వాటి అడుగున ఉండే లెక్కల కోసం వాడుకోండి.

మ్యాథ్స్‌లో 1ఏ లోని వెక్టర్లు, ట్రిగనామెట్రీ చాలు. ఇంటిగ్రేషన్ జోలికి పోనక్కర్లేదు. ఫిజిక్స్ ఫస్టియర్‌లో గమన నియమాలు, వృత్తాకార చలనం, భ్రమణం, ప్రవాహుల యాంత్రిక ధర్మాలు, థర్మోడైనమిక్స్. సెకండియర్‌లో భూ అయస్కాంతత్వం ఒక్కటి శ్రద్ధగా చూడండి, కంపాస్ పాఠమంతా దాని మీదే నిలబడి ఉంటుంది.

ఇక అసలు సంగతి నోటి లెక్క. మొదటి దశ శిక్షణ పిలాటస్ పీసీ-7 మార్క్ 2 మీద. సీట్లు ఒకదాని వెనక ఒకటి, ట్రైనీ ముందు, ఇన్‌స్ట్రక్టర్ వెనక. కుడిచెయ్యి స్టిక్ మీద, ఎడమచెయ్యి పవర్ లీవర్ మీద. తొడకు కట్టుకున్న ప్యాడ్ మీద ఒక అంకె రాయాలన్నా కుడిచేతివాటం మనిషి స్టిక్‌ని ఎడమచేతికి మార్చుకోవాలి. తల వంచి రాసే ఆ కాసేపట్లో రెక్క వాలుతుంది, ఎత్తు మారుతుంది. కాబట్టి లెక్క బుర్రలోనే తెగాలి, అదీ చేతులు వేరే పనిలో ఉన్నప్పుడు. టేబుల్ ముందు కూర్చుని చేస్తే ఆ అలవాటు రాదు. భద్రకాళి బండ్ మీదో, జేఎన్ఎస్ గ్రౌండ్‌లోనో వేగంగా నడుస్తూ చెయ్యండి.

వేగాన్ని ఎప్పుడూ నిమిషానికి ఎన్ని మైళ్లో అలా మార్చుకోండి. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. 120 నాట్లు అంటే నిమిషానికి 2 నాటికల్ మైళ్లు, 180 అంటే 3, 240 అంటే 4. (నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు.) దిశను ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు 360 డిగ్రీల దాకా లెక్కిస్తారు. ఎదురు దిశ కావాలంటే 180 కలపడం కన్నా 200 కలిపి 20 తీసేయడం తేలిక: 130కి ఎదురు 310. దిశ 180 దాటితే 200 తీసేసి 20 కలపాలి. సైన్ విలువలు 30కి 0.5, 45కి 0.7, 60కి 0.9 అనుకోండి, గాలిలో అంతకన్నా సూక్ష్మం పనికిరాదు.

మన ఊళ్లతోనే ఒక లెక్క. హన్మకొండ నుంచి కరీంనగర్ నేరుగా సుమారు 36 నాటికల్ మైళ్లు, దిశ ఇంచుమించు 315. విమానం వేగం 180 నాట్లు. గాలి 270 నుంచి 20 నాట్లు. గాలి లేకపోతే 12 నిమిషాలు. గాలి సూటిగా పక్క నుంచి కొడితే వచ్చే గరిష్ఠ డ్రిఫ్ట్ (విమానాన్ని దారి నుంచి పక్కకు తోసే కోణం), గాలి వేగాన్ని నిమిషపు మైళ్లతో భాగిస్తే వస్తుంది: 20ని 3తో భాగిస్తే దాదాపు 7 డిగ్రీలు. ఇక్కడ గాలికీ దారికీ మధ్య కోణం 45, కాబట్టి అందులో 0.7 వంతు, అంటే 5 డిగ్రీలు. గాలి ఎడమ నుంచి వస్తోంది కనుక ముక్కు ఎడమకే తిప్పాలి, హెడింగ్ (ముక్కు చూసే దిశ) 310. ఎదురుగాలి భాగం కూడా 0.7 వంతు, అంటే 14 నాట్లు. నేల మీద వేగం 166, ప్రయాణం 13 నిమిషాలు. మొదట్లో దీనికి మూడు నిమిషాలు పడుతుంది. నడుస్తూ ముప్పై సెకన్లలో తెగేదాకా రోజూ ఊళ్లు మార్చి, గాలి మార్చి చెయ్యండి.

తర్వాతది అరవైలో ఒకటి సూత్రం. 60 మైళ్లు పోయాక దారికి 1 మైలు పక్కన ఉంటే తప్పు 1 డిగ్రీ. 30 మైళ్ల దగ్గర 2 మైళ్లు పక్కకు పోయారంటే తప్పు 4 డిగ్రీలు. ఇంకా 40 మైళ్లు మిగిలి ఉంటే గమ్యానికి చేరుకునే కోణం 3. మొత్తం 7 డిగ్రీలు తిప్పాలి. చాలామంది 4 తిప్పి ఊరుకుంటారు. అప్పుడు విమానం అసలు దారికి సమాంతరంగా, 2 మైళ్లు పక్కనే పోతూ ఉంటుంది తప్ప గమ్యం మీదికి రాదు.

మ్యాపు మీద దూరం కొలిచేటప్పుడు డివైడర్‌ని పక్క అంచున, అంటే అక్షాంశాల స్కేలు మీదే పెట్టాలి. అక్షాంశంలో 1 నిమిషం అంటే 1 నాటికల్ మైలు. పై అంచున ఉండే రేఖాంశాల నిమిషం మన 18 డిగ్రీల దగ్గర సుమారు 0.95 మైలే. ఇక్కడ తేడా చిన్నది కాబట్టి తప్పు బయటపడదు, ఉత్తరాదికి పోయేకొద్దీ పెరుగుతుంది.

టర్న్_అండ్_బ్యాంక్

చెల్లే, పై అన్న చెప్పిన నోటిలెక్క నూటికి నూరుపాళ్లు కరెక్టు. నేను పుస్తకాలు, ఏరోడైనమిక్స్, సిమ్యులేటర్ గురించి చెప్త.

కమర్షియల్ లైసెన్స్ సెట్టంత కొనకు. అండ్ల సగం సివిల్ రూల్స్, ఎయిర్‌లైన్ విమానాల సిస్టమ్స్. ఆ పరీక్షల ప్రశ్నల బ్యాంకులు బట్టీ పడితే ఇంకా నష్టం. ఆన్సర్ గుర్తుంటది, కారణం గుర్తుండదు, బ్రీఫింగ్ రూంల ఇన్‌స్ట్రక్టర్ అడిగేది కారణమే. నాలుగు ఆప్షన్లు ఇయ్యడు. ఏరోడైనమిక్స్ మీద ఒకటి, మెటియరాలజీ మీద ఒకటి పాత పుస్తకాలు దొరికితే తెచ్చుకో, చాలు.

లిఫ్ట్, అంటే రెక్క విమానాన్ని పైకి లేపే బలం, దాని సూత్రం నీకు తెలిసే ఉంటది: సగం × గాలి సాంద్రత × వేగం వర్గం × రెక్క వైశాల్యం × లిఫ్ట్ గుణకం. దీన్ని రాసుడు కాదు, ఒక్కొక్కటి మార్చుకుంట నోటితోని చెప్పాలె. "ఎత్తుకు పోతే సాంద్రత తగ్గె, లిఫ్ట్ అంతే ఉండాల్నంటే ఏం పెరగాలె?" గిట్ల. మన దగ్గర చాలామంది చెప్పే కథ ఒకటుంది, రెక్క పైనుంచి పోయే గాలి, కింద నుంచి పోయే గాలి చివర్ల ఒకేసారి కలవాలె గనుకనే పైగాలి ఉరుకుతదని. అది తప్పు. కలవాలనే రూలేం లేదు, నిజానికి పైగాలే ముందు దాటిపోతది. బెర్నౌలీ తప్పు కాదు, ఆ కథ తప్పు. రెక్క గాలిని కిందికి మలుపుతది, న్యూటన్ మూడో నియమం ప్రకారం గాలి రెక్కను పైకి నెడుతది, పైన పీడనం తగ్గుడు, కింద పెరుగుడు అదే సంగతికి ఇంకో లెక్క. ఇది గట్టిగ పట్టుకో.

దానికన్న గట్టిగ పట్టుకోవాల్సింది స్టాల్, అంటే గాలి రెక్కను అంటిపెట్టుకోక విడిపోయి లిఫ్ట్ పడిపోవుడు. ముక్కు పైకి లేస్తేనే స్టాల్ అయితదని, వేగం తగ్గితేనే అయితదని అనుకుంటరు. రెండూ కావు. రెక్క కార్డ్ గీతకు (ముందంచు నుంచి వెనకంచు దాకా గీసిన గీత), ఎదురొచ్చే గాలికి మధ్య కోణం, అంటే యాంగిల్ ఆఫ్ అటాక్, ఒక హద్దు దాటితే స్టాల్. మామూలు రెక్కకు అది 15, 16 డిగ్రీల కాడ ఉంటది. డైవ్ చేసి మస్తు స్పీడుల ఉండంగ స్టిక్ గట్టిగ గుంజినా స్టాల్ అయితది, ముక్కు అప్పటికింక నేలదిక్కే ఉంటది.

టర్నింగుల ఇదే లెక్క ఎట్ల పనిజేస్తదో చూడు. ఎత్తు పోకుండ 60 డిగ్రీలు వంగి తిరిగితే రెక్క మోసే బరువు రెట్టింపు, 2 జీ. స్టాల్ వేగం రెండు వర్గమూలం రెట్లు, అంటే 1.41. మామూలుగ 70 నాట్లకు స్టాలయ్యే విమానం ఇప్పుడు 99కే అయితది. 45 డిగ్రీలకు 1.19 రెట్లు, 30కి 1.07. 30 దాకా ఏం కానట్టే ఉండి 60 కాడ ఒక్కసారి ఎందుకు పెరిగిందో కొసైన్ గ్రాఫు గీస్తే తెలుస్తది. ఇంకా, టర్న్ వ్యాసార్థం అంటే వేగం వర్గాన్ని, గురుత్వ త్వరణం, వంపు కోణం ట్యాన్ రెండింటిని గుణించినదాంతోని భాగించుడు. 180 నాట్లు అంటే సెకనుకు 92.6 మీటర్లు. 30 డిగ్రీలకు సుమారు 1,500 మీటర్లు, 60కి 500. ట్యాన్ 60, ట్యాన్ 30కి సరిగ్గ మూడు రెట్లు గదా, అందుకే మూడో వంతైంది. ల్యాండింగ్‌కు వచ్చేటప్పుడు రన్‌వే లైను దాటిపోయినోళ్లు వంపు పెంచి, స్టిక్ గుంజి లోపలికి తిప్పుదామని చూస్తరు. వేగం అప్పటికే తక్కువ, స్టాల్ వేగమేమో పైకి ఎగబాకుతున్నది, కిందేమో ఎత్తు లేదు. ఈ మూడింటిని కాగితం మీద ఇప్పుడే కలిపి చూసుకుంటే, రేపు "వంపు పెంచకు, చుట్టు కొట్టి మళ్ల రా" అన్న మాట ఊరికే చెప్పిన రూలు లెక్క అనిపియ్యది.

సిమ్యులేటర్ నీ దగ్గర లేకుంటే కొనకు. ఉంటే నావిగేషన్‌కు వాడుకో, ల్యాండింగ్ ప్రాక్టీసుకు వాడకు. స్క్రీన్ చిన్నగుంటది గనుక చూపంత డయల్స్ మీదికే పోతది. అసలు విమానంల మొదట నేర్పేది బయట హొరైజన్ చూసి ముక్కు నిలుపుడు, డయల్ చూసేది సరిచూసుకోడానికే. ఆ అలవాటు ఒకసారి ఉల్టా పడ్డదంటే విడిపిచ్చుడు కష్టం. ఇంకోటి, పెడల్స్ లేని జాయ్‌స్టిక్‌తోని కాళ్లకు పని ఉండది. ప్రొపెల్లర్ విమానంల పవర్ పెంచితే ముక్కు ఎడమకు గుంజుతది, కుడి రడ్డర్ పెడల్ ఒత్తాలె. కాళ్లు మొద్దుబారి పోతే ఫస్టు నుంచే బాల్ (విమానం పక్కకు జారుతున్నదా అని చూపే డయల్ల గుండు) ఒక పక్కకు పడి ఉంటది.

చెక్‌లిస్టుల కోసం ఇప్పుడే చేసేదొకటుంది. ఏదైనా ఇరవై, ఇరవై ఐదు అంశాల వరుస తీసుకో, అక్షరం పొల్లుపోకుండ ఒప్పజెప్పు. వచ్చినంక ఇంట్లోళ్లను మధ్యల మాట్లాడియ్యమను. జవాబు చెప్పి, ఆగినకాడ్నించే మళ్ల అందుకోవాలె. మొదటికాడికి పోతే టైం పోతది, అందాజగ దూకితే ఒక అంశం తప్పిపోతది. రేడియోల పిలుపు ఎప్పుడూ చెక్స్ మధ్యలనే వస్తది.

మబ్బుల_లెక్క

వాతావరణం, అల్టిమీటర్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి అది నేను అందుకుంటాను.

ప్రామాణిక వాతావరణం అంకెలు నాలుకమీద ఉండాలి: సముద్రమట్టంలో 1013.25 హెక్టోపాస్కల్స్, 15 డిగ్రీలు, ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీలు తగ్గుదల. కింది ఎత్తుల్లో 1 హెక్టోపాస్కల్ అంటే దాదాపు 30 అడుగులు. అల్టిమీటర్ అనేది ఎత్తు అంకెలు వేసిన బారోమీటరే, నేల ఎక్కడుందో దానికి తెలియదు. బయట క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన ఆ చోటి పీడనం) 1004 ఉండగా మీరు 1013 పెట్టి ఉంచితే అది 270 అడుగులు ఎక్కువ చూపిస్తుంది, అంటే మీరు అనుకున్నదానికన్నా 270 అడుగులు కింద ఉన్నారు. ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికి పోతున్నప్పుడు తప్పు ఎప్పుడూ ప్రమాదం వైపే ఉంటుంది. కలపాలో తియ్యాలో గుర్తుండకపోతే ఒక బొమ్మ గీసుకోండి, బట్టీ మాత్రం వద్దు.

మన ఎండలకు సరిపోయే లెక్క డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పల్చదనాన్ని ఎత్తుగా లెక్కించడం. దుండిగల్ ఎయిర్‌ఫీల్డ్ సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తు. అక్కడ ప్రామాణిక ఉష్ణోగ్రత 11 డిగ్రీలు. మే మధ్యాహ్నం 41 ఉంటే 30 ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,600. పీడనం ప్రామాణికంగానే ఉందనుకుంటే రెక్కకూ ప్రొపెల్లర్‌కూ అది 5,600 అడుగుల ఎత్తే. టేకాఫ్ పరుగు పెరుగుతుంది, పైకెక్కే రేటు తగ్గుతుంది. డయల్ మీద వేగం మాత్రం ఎప్పటిదే చూపిస్తుంది, నేల మీద అసలు వేగం ఎక్కువ. ఎందుకో చెప్పగలిగితే పిటాట్ (ఎదురొచ్చే గాలి పీడనంతో వేగం కొలిచే గొట్టం) పాఠం సగం వచ్చినట్టే.

ఆ మిగతా సగం గొట్టాలు మూసుకుపోతే ఏమవుతుందన్నది. స్టాటిక్ రంధ్రం (బయటి గాలి పీడనం తీసుకునేది) మూసుకుంటే అల్టిమీటర్ ఉన్నచోటే ఆగిపోతుంది, ఎక్కుదల చూపే డయల్ సున్నాకి వస్తుంది. పిటాట్ గొట్టం, దాని డ్రెయిన్ రంధ్రం రెండూ మూసుకుంటే వేగం డయల్ అల్టిమీటర్‌లా ప్రవర్తిస్తుంది: పైకెక్కుతుంటే వేగం పెరుగుతున్నట్టు చూపిస్తుంది. దాన్ని నమ్మి ముక్కు ఇంకా లేపితే ఎక్కడికి పోతారో పై పోస్టులోనే ఉంది. ఒక్కో గొట్టం మూసి, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒక్కో డయల్ ఏం చూపిస్తుందో కాగితం మీద పట్టిక వేసుకోండి. ఇంత లాభమున్న గంట పని ఇంకోటి లేదు.

కంపాస్‌లో ఉత్తరానికి తిరిగేటప్పుడు, దక్షిణానికి తిరిగేటప్పుడు వచ్చే తప్పులు భూ అయస్కాంత క్షేత్రం వాలు వల్ల వస్తాయి. మన అక్షాంశాల్లో వాలు తక్కువ కాబట్టి తప్పూ తక్కువే. మాగ్నెటిక్ వేరియేషన్ (నిజ ఉత్తరానికీ కంపాస్ ఉత్తరానికీ మధ్య కోణం) కూడా ఇక్కడ చాలా స్వల్పం. అందుకే మన పిల్లలు దాన్ని వదిలేస్తారు, పరీక్షలో 12 డిగ్రీల పశ్చిమం ఇవ్వగానే కలపాల్సింది తీసేస్తారు. పశ్చిమమైతే నిజ దిశకు కలిపితే మాగ్నెటిక్ వస్తుంది, తూర్పైతే తీసెయ్యాలి.

మబ్బు అడుగుభాగం ఎత్తుకు సులువు లెక్క: ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) మధ్య తేడాని 400తో గుణించండి. 32, 24 అయితే తేడా 8, మబ్బు అడుగుభాగం సుమారు 3,200 అడుగుల ఎత్తులో. ఇది పగటి ఎండకు లేచిన గుబురు మబ్బులకే, ముసురు మబ్బులకు పనికిరాదు. తేడా సున్నాకి దగ్గరై, గాలి ఆగి, ఆకాశం తేటగా ఉంటే తెల్లవారుజామున పొగమంచు. రోజూ శంషాబాద్ మెటార్ (విమానాశ్రయ వాతావరణ నివేదిక) తెరిచి చదవండి. దాంట్లో సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటుంది, మనకు 5 గంటల 30 నిమిషాలు కలపాలి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మన దగ్గర గాలిదుమారం, రాళ్లవాన వచ్చిన రోజు మాత్రం పొద్దుటి నుంచి వరసగా మెటార్లు తీసి పెట్టుకోండి. డ్యూ పాయింట్ ఎంత ఉంది, గాలి ఎప్పుడు దిశ మార్చింది, ఉష్ణోగ్రత ఒక్కసారి ఎంత పడిపోయింది అన్నీ కనపడతాయి. క్యుములోనింబస్ (ఉరుముల మబ్బు) పాఠం అంతకన్నా బాగా ఏ బొమ్మా చెప్పదు.

నేవ్_లాగ్

ఇంగ్లిష్ సంగతి మిగిలిపోయింది. రేడియోలో వాడేది వ్యాకరణం కాదు, కట్టుదిట్టమైన వంద రెండొందల మాటలు. మీడియం అడ్డు రాదు. అడ్డొచ్చేవి రెండు. ఒకటి, మనకు మాట చివర అచ్చు చేర్చే అలవాటు: లెఫ్టు, రైటు, హెడింగు. అది తగ్గించుకోండి. రెండు, తొందర. బటన్ నొక్కాక ఆలోచించకూడదు, ఏం చెప్పాలో మనసులో ఒకసారి అనుకుని నొక్కాలి.

అంకెలు ఒక్కొక్కటిగా చెప్పాలి. 3 ట్రీ, 4 ఫోవర్, 5 ఫైఫ్, 9 నైనర్. గరగరలో ఫైవ్, నైన్ ఒకేలా వినిపిస్తాయి, అందుకే ఈ ఏర్పాటు. ఆల్ఫా, బ్రావో, చార్లీ వరుస రావడం చాలదు. రోడ్డు మీద కనిపించిన బండి నంబరు ఏదైనా ఆగకుండా చదవగలగాలి. ఇంట్లో ఎవరినైనా "హెడింగ్ 310, 4500 అడుగులు, క్యూఎన్‌హెచ్ 1006, ఫ్రీక్వెన్సీ 118.3" అని ఒక్కసారే చదవమనండి. మీరు మెట్లెక్కుతూ వెనక్కి అప్పజెప్పాలి. మొదట్లో మూడో అంకె నుంచి జారిపోతాయి. ముందు రెండు అంశాలతో మొదలుపెట్టి నాలుగుకి పెంచండి.

హన్మకొండ_ఎంపీసీ

అందరికీ మస్తు థ్యాంక్స్. సిమ్యులేటర్ ఆలోచన బంద్ పెట్టిన. నేవ్_లాగ్ అన్నా, ఇంకో లెక్క చేసిన, చూడుండ్రి. హన్మకొండ నుంచి రామగుండం 45 మైళ్లు, దిశ 355. వేగం 180. గాలి 085, 15 నాట్లు. గరిష్ఠ డ్రిఫ్ట్ 5, కోణం 90 గనుక మొత్తం 5. హెడింగ్ 350, టైం 15 నిమిషాలు. కరెక్టేనా?

నేవ్_లాగ్

టైం సరిగ్గా ఉంది, డ్రిఫ్ట్ ఎంతో కూడా సరిగ్గా ఉంది. తిప్పిన వైపే తప్పు. గాలి 085 అంటే 085 నుంచి వస్తోందని, అటు పోతోందని కాదు. కుడి నుంచి కొట్టి మిమ్మల్ని ఎడమకు తోస్తుంది, ముక్కు కుడికి తిప్పాలి, హెడింగ్ 360. ప్రతి లెక్కకు ముందు "గాలి ఏ పక్క నుంచి, నేను ఏ పక్కకు" అని పైకే అనుకుంటే ఈ తప్పు పోతుంది.

మీరు 350 పట్టుకుపోయారే అనుకుందాం, అది ఎక్కడ బయటపడాలి? రామగుండం ఎన్‌టీపీసీ చిమ్నీల కోసం చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది, అప్పటికి 7 మైళ్లకు పైగా పక్కన ఉంటారు. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైల్వే లైను మీ ఎడమ పక్కన సాగుతుంది. సుమారు 17 మైళ్ల దగ్గర, అంటే 5 నిమిషాల 40 సెకన్లకు, జమ్మికుంట దాదాపు 3 మైళ్లు ఎడమకు కనపడాలి. స్టేషన్ మీ కిందనే ఉందంటే మీరు 3 మైళ్లు దారి తప్పినట్టు. 17లో 3 అంటే సుమారు 10 డిగ్రీల తప్పు. మిగిలింది 28 మైళ్లు, 28లో 3 అంటే 6. మొత్తం 16 డిగ్రీలు కుడికి, 350 నుంచి 006. మిగిలిన 28 మైళ్లకు 9 నిమిషాల 20 సెకన్లు.